డోపమైన్ లెక్కలు: చక్కెర, జీతం, మెచ్చుకోలు, స్క్రాచ్ కార్డు

బెంగళూరులో బెళ్లందూరు, మారతహళ్లి వైపు తెలుగువాళ్ల ఆఫీసు కబుర్లలో ఇప్పుడు డోపమైన్ మాట రాని రోజు లేదు. రీల్ చూస్తే డోపమైన్, రాత్రి పదకొండుకి బిర్యానీ ఆర్డర్ పెడితే డోపమైన్, శనివారం ఫోన్ కట్టేసి పడుకుంటే ‘డోపమైన్ డిటాక్స్’. ఇందులో సగానికి సగం తప్పు. డోపమైన్ అంటే మెదడు కణాలు కబురు పంపుకునే ఒక రసాయనం. అది ఒంట్లో పేరుకునే విషం కాదు, ఒకరోజు ఉపవాసం ఉండి కడిగేసుకోవడానికి. అది నిజంగా అడుగంటితే మనిషి తేలికపడడు, అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతాడు. పార్కిన్సన్స్ రోగుల్లో కనిపించేది ఆ స్థితే.

డోపమైన్‌ని వదిలే మెదడు కణాల పని లెక్క చూడటం. ఇంత వస్తుందనుకున్నాను, ఇంత వచ్చింది, తేడా ఎంత? మెదడుకి ఆ తేడాయే పాఠం. ప్రతిఫలం ఎంత పెద్దదన్నది దాని తర్వాతి సంగతి. పిల్లలకి చదివే అలవాటు చెయ్యాలన్నా, కుక్కకి కూర్చోవడం నేర్పాలన్నా, సిగరెట్ మానాలన్నా మనవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే: పరిమాణం పెంచుతూ పోతారు, తేడాని పట్టించుకోరు.

1990లలో స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబూర్ విశ్వవిద్యాలయంలో వుల్‌ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల నడిమెదడులోకి సన్నటి ఎలక్ట్రోడ్లు దించి ఒక్కో డోపమైన్ కణం ఎప్పుడు స్పందిస్తోందో నమోదు చేశాడు. మామూలప్పుడు ఈ కణాలు సెకనుకి 3 నుంచి 5 సార్లు నింపాదిగా కొట్టుకుంటూ, అంటే విద్యుత్ సంకేతాలు పంపుతూ ఉంటాయి. చెప్పాపెట్టకుండా కోతి నోట్లో ఒక చుక్క పళ్లరసం పడితే, సెకనులో పదో వంతు గడిచేసరికి ఒక్కసారిగా గబగబా కొట్టుకున్నాయి. ఇంతవరకూ ఎవరైనా ఊహించేదే. తర్వాత రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగించారు. కొన్నాళ్లకి కణాలు దీపానికి ఉలిక్కిపడటం మొదలుపెట్టాయి, రసానికి మానేశాయి. రసం అదే, తీపి అదే. కాకపోతే కణాలకి అందులో కొత్త కబురు లేదు. ఆపైన దీపం వెలిగించి రసం ఎగ్గొట్టారు. సరిగ్గా రసం పడాల్సిన వేళకి కణాలు మామూలుగా కొట్టుకోవడం కూడా ఆపేశాయి. ఏమీ జరగని క్షణంలో కణం మూగబోయిందంటే, ఏం జరగాలో ఎప్పుడు జరగాలో మెదడు ముందే రాసిపెట్టుకుందన్నమాట. ఈ ఫలితాలకి గణితం జోడించి షుల్ట్జ్, పీటర్ డయాన్, రీడ్ మాంటెగ్ 1997లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. నన్నడిగితే గత యాభయ్యేళ్ల మెదడు శాస్త్రంలో ఇంత శుభ్రమైన ప్రయోగం మరొకటి లేదు.

ఆ గణితం మూలం ఇంకా పాతది. టెట్, డీఎస్సీలకి సైకాలజీ చదివినవాళ్లకి పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ పెట్టె, పునర్బలనం కంఠతా వచ్చి ఉంటాయి. రాబర్ట్ రెస్కోర్లా, అలన్ వాగ్నర్ 1972లో ఇచ్చిన సూత్రం మాత్రం గైడ్లలో అరుదుగా కనిపిస్తుంది. ఒక్క వాక్యమే: కొత్త అంచనా అంటే పాత అంచనాకి, తేడాలో కొంత వంతు కలపడం.

అంకెలు వేసి చూద్దాం. కడప నుంచి కొత్తగా ఉద్యోగానికొచ్చిన కుర్రాడు ఆఫీసు దగ్గర దర్శినిలో టోకెన్ తీసుకుని, నిలబడి బెన్నె దోశ తిన్నాడు. ఆ రుచికి పది మార్కులు. అక్కడ ఏం దొరుకుతుందో తెలియదు కాబట్టి మొదటిరోజు అంచనా సున్నా, తేడా పది. నేర్చుకునే వేగం, అంటే తేడాలో కలిపే వంతు, 0.2 అనుకుంటే కొత్త అంచనా 2. రెండోసారి తేడా 8, అంచనా 3.6. మూడోసారి తేడా 6.4, అంచనా 4.88. పదిసార్లు తినేసరికి అంచనా 8.93, ఇరవైసార్లకి 9.88. దోశ తగ్గలేదు, వెన్న తగ్గలేదు. తేడా మాత్రం దాదాపు నూరో వంతుకి పడిపోయింది. ఈలోగా సంకేతం ముందుకి జరుగుతుంది. మొదట నాలుక మీద, తర్వాత పెనం మీద వెన్న కాగే వాసన దగ్గర, తర్వాత సందు మలుపులో బోర్డు కనిపించగానే. ఇరవయ్యొకటో సారి వెళ్తే షట్టర్ దించి ఉంది. అందినది సున్నా, తేడా మైనస్ 9.88. మొదటిరోజు ఎంత సంబరమో ఈ రోజు అంత ఉసూరు. అంచనా మాత్రం ఒక్క దెబ్బకి సున్నా కాదు, 7.91 దగ్గర ఆగుతుంది. అందుకే రేపు కూడా అటే కాళ్లు పోతాయి.

జీతం పెరిగిన మూడో నెలకే ఆ సంతోషం ఏమైపోయిందని అడిగేవాళ్లకి ఈ లెక్కలోనే జవాబుంది. పెరిగిన జీతం అంచనాలో కలిసిపోయింది.

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లుంటే, నడిమెదడులో డోపమైన్ కణాలు 4 నుంచి 6 లక్షలే. వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా, సబ్‌స్టాన్షియా నైగ్రా అనే రెండు ఇరుగుపొరుగు చోట్ల ఉంటాయి. గుప్పెడు కణాలే అయినా ఒక్కోదాని తీగ వేల కొమ్మలేసి, మెదడు లోతట్టున పనులనీ అలవాట్లనీ నడిపే స్ట్రయేటమ్ అంతా అల్లుకుంటుంది. అందుకని ఇవి పంపే కబురు ప్రకటన లాంటిది. ‘ఇప్పుడే ఏదో అనుకున్నదానికన్నా బాగా జరిగింది’ అని అందరికీ ఒకేసారి వినపడుతుంది. ఏ పని వల్ల జరిగిందో అందులో ఉండదు. అది తేల్చేది సమయం. అప్పుడే పనిచేసిన కనెక్షన్లే ఆ కబురు అందుకుని బలపడతాయి.

ఆ ‘అప్పుడే’ ఎంతసేపు? టోక్యోలో యాగిషిత బృందం 2014లో ఎలుకల స్ట్రయేటమ్ కణాల మీద కొలిచింది. కణం మీది చిన్న ముల్లు లాంటి స్పైన్‌కి పక్క కణం నుంచి గ్లూటమేట్ అనే రసాయన సంకేతం అందాక 0.3 నుంచి 2 సెకన్ల లోపల డోపమైన్ వస్తేనే ఆ స్పైన్ పెద్దదయింది. ముందొచ్చినా, ఆలస్యంగా వచ్చినా లాభం లేదు. రెండు సెకన్లంటే రెండు సెకన్లే. ఆదివారం ఇచ్చే బహుమతి మంగళవారం చేసిన పనిని ఈ దారిలో బలపరచలేదు. మరి నెలాఖరు జీతం కోసం మనిషి ఎలా పనిచేస్తున్నాడంటే, మధ్యలో వంతెనలు ఉన్నాయి కాబట్టి: మాట, మార్కు, టిక్కు, ‘క్రెడిటెడ్’ అన్న మెసేజ్. ప్రతిఫలానికి ముందొచ్చి, దాన్ని సూచించి, తామే ప్రతిఫలంగా మారిన గుర్తులవి. ముందుచూపు లెక్కలు వేసుకునే నుదుటి వెనకభాగం మిగతా పని చూసుకుంటుంది. కుక్కకి, మూడేళ్ల పిల్లాడికి ఆ రెండో సదుపాయం అంతగా లేదు.

అన్ని ప్రతిఫలాలూ ఒకటేనా

చివరికి కలిసేది ఒకే చోట, వచ్చే దారులు వేరు.

చక్కెర రెండు దారుల్లో వస్తుంది. నాలుక దారి అందరికీ తెలుసు. రెండోది పేగు దారి. ఇవాన్ డి అరౌజో బృందం 2008లో తీపి రుచి తెలియని ఎలుకలని తీసుకుంది. వాటికి చక్కెర నీళ్లకీ మంచినీళ్లకీ నోట్లో తేడా తెలియదు. అయినా కొన్నాళ్లకి చక్కెర నీళ్లున్న సీసా వైపే వెళ్లాయి, డోపమైన్ కూడా పెరిగింది. తీపి ఉండి క్యాలరీలు లేని సుక్రలోజ్‌కి ఆ గౌరవం దక్కలేదు. అంటే కడుపులో పడ్డాక కూడా మెదడు బిల్లు సరిచూసుకుంటోంది. డైట్ కోలాతో నాలుకని ఒప్పించినంత తేలిగ్గా పేగుని ఒప్పించలేం.

డబ్బు సంగతి వేరు. అది స్వతహాగా ఏదీ కాదు, వేరే ప్రతిఫలాలకి గుర్తు. 2010లో గియోమ్ సెస్కూస్ బృందం డబ్బు గెలిచినప్పుడూ శృంగార చిత్రాలు చూసినప్పుడూ మెదడుని స్కాన్ చేస్తే, కంటిగుంటల పైనుండే ఆర్బిటోఫ్రాంటల్ కార్టెక్స్‌లో డబ్బుకి ముందుభాగం, శృంగారానికి వెనకభాగం స్పందించాయి. ప్రకృతి ఇచ్చినవి వెనక, మనిషి కల్పించుకున్నవి ముందు. స్ట్రయేటమ్‌లో మాత్రం రెండూ కలిశాయి. మెచ్చుకోలు కూడా అక్కడికే చేరుతుంది: జపాన్‌లో ఇజుమా, సైటో, సదాటో 2008లో అవే మెదళ్లకి ఒకసారి డబ్బు, ఒకసారి ‘మీరు నమ్మదగిన మనిషి’ అన్న ఇతరుల అభిప్రాయం చూపిస్తే స్ట్రయేటమ్‌లో ఒకే ప్రాంతం పనిచేసింది. సంగీతానికి ఇంకో సొగసు ఉంది. మాంట్రియల్‌లో వాలోరీ సలింపూర్ బృందం 2011లో, పాటలో ఒళ్లు పులకరించే చోటుకి కొన్ని సెకన్ల ముందు స్ట్రయేటమ్‌లోని కాడేట్ అనే భాగంలోనూ, పులకరించిన క్షణంలో న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగంలోనూ డోపమైన్ విడుదలైందని చూపింది. పల్లవి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటానికి ఒక చోటు, వచ్చాక ఇంకో చోటు.

వార్త కూడా ప్రతిఫలమే. ఎన్ని నీళ్లు దొరుకుతాయో ముందే తెలిపే బొమ్మని కోతులు కావాలని ఎంచుకున్నాయి. తెలిసినంత మాత్రాన నీళ్లు పెరగవు. అయినా ఆ కబురుకే డోపమైన్ కణాలు స్పందించాయి. బ్రోంబర్గ్ మార్టిన్, హికోసాకా 2009లో చూపిన సంగతి ఇది. ఇంటర్ రిజల్ట్స్ రోజు పొద్దున్నుంచీ వెబ్‌సైట్ రిఫ్రెష్ కొట్టే చెయ్యిని ఇక తిట్టకండి.

ఇన్నిటినీ పోల్చి ఎంచుకోవాలంటే ఒకే కొలబద్ద కావాలి. ఆర్బిటోఫ్రాంటల్ కార్టెక్స్‌లో పడోవా స్కియోప్పా, అసద్ 2006లో దొరకబుచ్చుకున్నది అదే. కోతికి ఒక రసం ఒక చుక్కా, ఇంకో రసం మూడు చుక్కలూ ఎదురుగా పెడితే, ఏ రసమన్నది పట్టించుకోకుండా కోతికి దాని విలువ ఎంతో దాన్నిబట్టి స్పందించే కణాలున్నాయి. విలువ మారితే స్పందనా మారుతుంది. ఆహారం విలువ తినేకొద్దీ పడిపోతుంది, అదీ తిన్న పదార్థానిది మాత్రమే. పెళ్లి భోజనంలో ఇక ఒక్క ముద్ద కూడా పట్టదన్నవాళ్లకి బొబ్బట్టు కనిపించగానే చోటు దొరకడం ఇందుకే. డబ్బుకి ఈ రకమైన నింపుడు లేదు, కానీ ఇందాకటి జీతంలా అంచనాలో కరిగిపోతుంది. మెచ్చుకోలు విలువ ఎవరు అన్నారన్నదాన్నిబట్టి ఉంటుంది. అందరినీ రోజూ ‘సూపర్’ అనే మనిషి నోటి సూపర్‌కి తేడా సున్నా.

ఒకటి కావాలనిపించడం, అది బాగుందనిపించడం రెండూ మెదడులో వేరువేరు చోట్ల నడుస్తాయి. మిషిగన్‌లో కెంట్ బెరిడ్జ్, టెరీ రాబిన్సన్ ఎలుకల మెదడులో డోపమైన్‌ని దాదాపు తుడిచిపెట్టారు. అవి ఎదురుగా తిండి ఉన్నా వెళ్లి తినలేదు, గొట్టంతో పోసి బతికించాల్సి వచ్చింది. నోట్లో చక్కెర నీళ్లు వేస్తే మాత్రం ఎప్పటిలాగే పెదాలు నాక్కున్నాయి. కావాలనిపించడం పోయింది, రుచి మిగిలింది. రుచి తాలూకు ఇష్టం ఎక్కువగా ఓపియాయిడ్ల పని, అంటే మెదడే తయారుచేసుకునే నల్లమందు లాంటి రసాయనాలది. ఎలుక అక్యుంబెన్స్‌లో దానికి ఉన్న చోటు ఘన మిల్లీమీటరు మాత్రం. రీల్స్ గంటసేపు చూసి ‘ఏమీ బాలేదు’ అంటూనే మళ్లీ బొటనవేలు పైకి జరుపుతున్నవాడిలో మొదటిది ఉంది, రెండోది లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ మందుల్లో ఉంది. పార్కిన్సన్స్‌కి ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు కణాల మీద డోపమైన్‌ని అందుకునే గ్రాహకాలని నేరుగా మీటుతాయి. 3,090 మంది రోగులని పరిశీలించి 2010లో వెలువడిన వైన్‌ట్రౌబ్ అధ్యయనంలో 13.6 శాతం మందికి జూదం, అదుపులేని కొనుగోళ్లు, అతిగా తినడం, లైంగిక వాంఛ పెరగడం వీటిలో ఏదో ఒకటి ఉంది. ఈ తరహా మందు వాడుతున్నవాళ్లలో అది 17.1 శాతం, వాడనివాళ్లలో 6.9. మైకేల్ ఫ్రాంక్ 2004లో కారణానికి దగ్గరగా వెళ్లాడు: మందు వేసుకున్న రోగులు గెలుపుల నుంచి బాగా నేర్చుకున్నారు, వేసుకోనప్పుడు ఓటముల నుంచి. నష్టం జరిగినప్పుడు డోపమైన్ పడిపోవాలి. మందు దాన్ని పడనివ్వదు కాబట్టి ఓడిన పాఠం ఎక్కదు. ఇంట్లో పెద్దాయన ఈ మందు మొదలుపెట్టాక హఠాత్తుగా ఆన్‌లైన్ రమ్మీకో, లాటరీకో దిగితే బుద్ధి చెప్పడం కాదు, ఆ వారమే న్యూరాలజిస్టుకి చెప్పాలి. మందు మాత్రం సొంతంగా ఆపకూడదు, అది ఇంకా ప్రమాదం.

వీధికుక్క పాఠం

ఇదంతా కళ్లారా చూడాలంటే అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి కుక్కని మించినది లేదు. చెవి అంచు కత్తిరించి ఉంటే స్టెరిలైజేషన్ అయినట్టు. యాంటీ రేబిస్ టీకా ఎప్పుడు పడిందో తిండి పెట్టేవాళ్లని అడిగి తెలుసుకుని అప్పుడు మొదలుపెట్టండి.

ఉప్పు, ఉల్లి, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని బఠాణీ గింజంత ముక్కలు చేసుకోవాలి, ముప్పై చాలు. పెద్ద ముక్కలైతే నమలడానికి సమయం పడుతుంది, కడుపు నిండి విలువ పడిపోతుంది. కుక్క తిన్న వెంటనే కాకుండా ఆకలి మీద ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. ముందు గుర్తు నేర్పాలి. క్లిక్కర్ (నొక్కితే టక్‌మనే చిన్న పరికరం) ఉంటే సరే, లేకపోతే నాలుకతో ‘టక్’ అనండి. టక్, ముక్క. టక్, ముక్క. పదిహేను ఇరవై సార్లు. టక్ అనగానే తల తిప్పి మీ వైపు చూస్తే గుర్తు పడినట్టు. ఆ తర్వాత ముక్కని ముక్కు దగ్గర పట్టుకుని మెల్లగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తుంది, వెనకభాగం కిందికి దిగుతుంది. నేలకి తాకిన క్షణానే టక్, ఆపైన ముక్క. ఐదారు సార్లయ్యాక ఖాళీ చేత్తోనే అదే సైగ చెయ్యాలి. పదింటిలో ఎనిమిది సార్లు కూర్చుంటున్నప్పుడు సైగకి ముందు మాట కలపాలి. ఇంట్లో ‘కూర్చో’, వాచ్‌మన్ ‘కూత్కో’, పిల్లలు ‘సిట్’ అంటుంటే కుక్కకి మూడు పాఠాలు. ఒక్క మాట తేల్చుకోండి. ఒకసారికి మూడు నుంచి ఐదు నిమిషాలు మించొద్దు.

చెడేది ఎక్కువగా మూడు చోట్ల. టక్ ఆలస్యమైతే, కూర్చున్నది అప్పటికే లేవబోతుంటుంది, బలపడేది లేవడం. టక్ అని ముక్క ఇవ్వకపోతే ఆ శబ్దం అబద్ధమవుతుంది, రెండు రోజుల్లో విలువ పోతుంది. మూడోది కనిపెట్టడం కష్టం: టక్‌కి ముందే చెయ్యి జేబులోకి వెళ్తుంది. అప్పుడు కుక్క జేబుని చూడటం నేర్చుకుంటుంది, టక్‌ని వినదు. లియాన్ కమిన్ 1969లో ఎలుకల్లో చూపించిన అడ్డగింపు ఇదే. శబ్దం వస్తే షాక్ వస్తుందని నేర్చిన ఎలుకకి, ఆ శబ్దంతో పాటు దీపం కూడా చూపించి షాక్ ఇస్తే, దీపం గురించి అది దాదాపు ఏమీ నేర్చుకోలేదు. శబ్దం చెప్పాల్సింది చెప్పేసింది, తేడా మిగల్లేదు. 2013లో స్టైన్‌బర్గ్ బృందం ఇలాంటి ప్రయోగంలోనే, చక్కెర నీళ్లు అందే క్షణాన ఎలుకల డోపమైన్ కణాలని కాంతితో మీటింది. అడ్డగించాల్సిన కొత్త గుర్తుని అప్పుడు అవి నేర్చేసుకున్నాయి. తేడా లేనిచోట తేడాని దొంగగా పుట్టిస్తే పాఠం పుట్టింది. డోపమైన్ నేర్చుకోవడానికి తోడుగా కనిపించేదే కాదు, కారణం కూడా అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పిల్లల దగ్గర ఇదే లెక్క, ఒక్క మెలికతో. బెంగళూరులో పెరిగే మన పిల్లలకి బళ్లో ఇంగ్లీషు, కన్నడ, హిందీ సరిపోతాయి, తెలుగు రాత ఇంట్లోనే నేర్పాలి. ‘గుణింతం మొత్తం రాస్తే ఆదివారం మాల్‌కి తీసుకెళ్తా కన్నా’ అన్న బేరం మూడు రకాలుగా తప్పు. చాలా దూరం, చాలా పెద్దది, ముందే చెప్పేసింది. అక్షరాలంటే అస్సలు పడని పిల్లాడికి మొదట బయటి ప్రతిఫలం కావాలి, కానీ చిన్నది, వెంటనే. రోజుకి పది నిమిషాలు, ఒక వరస రాయగానే ఒక టిక్కు, ఐదు టిక్కులకి ఓ చిన్న ఆట, అదీ అమ్మో నాన్నో కలిసి ఆడేది. టిక్కు పెట్టేటప్పుడు ఏది బాగుందో చెప్పాలి: ‘క్ష ఈసారి గీత దాటకుండా వచ్చింది’. అరగంట ఫోన్‌తో మొదలుపెడితే వారానికల్లా అరగంట అంచనా అయిపోతుంది. ఎనిమిదో రోజు ఇరవై నిమిషాలు ఇస్తే పిల్లాడు అందుకున్నది ఇరవై కాదు, మైనస్ పది. ‘నాన్నా, నిన్న ఎక్కువ ఇచ్చావు కదా’ అన్న ఏడుపు మొండితనం కాదు, సరైన తీసివేత. చేతనైతే ఫోన్‌ని బహుమతుల జాబితాలోకే రానివ్వకండి, రోజూ దాని సమయం దానికి విడిగా ఉంచండి.

మెలిక ఏమిటంటే, ఇష్టంగా చేస్తున్న పనికి బహుమతి తగిలిస్తే ఇష్టం తగ్గొచ్చు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి ముందే చెప్పి సర్టిఫికెట్ ఇచ్చారు, కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత ఆటల సమయంలో ముందే చెప్పించుకున్నవాళ్లు గీతలకి ఇచ్చింది 8.6 శాతం సమయం. ఏమీ అందనివాళ్లు 16.7, చెప్పకుండా అందినవాళ్లు 18.1. స్టాప్‌వాచీని సరిగ్గా 5 సెకన్ల దగ్గర ఆపే ఆటతో మురయామా బృందం 2010లో స్కానర్‌లో అదే చూసింది. డబ్బులిచ్చి ఆపేశాక ఆ ఆటకి స్ట్రయేటమ్ స్పందన పడిపోయింది, ఇవ్వనివాళ్లలో నిలబడింది. కాబట్టి కథల పుస్తకం తనంతట తనే తీసే పిల్ల జోలికి పోకండి. బాగా చదివిన రోజు ఊరికే, చెప్పకుండా ఒక కొత్త పుస్తకం తెచ్చిపెట్టండి, చాలు.

వస్తుందో రాదో తెలియనిది

అంచనా కుదరకపోతే తేడా ఎప్పటికీ చావదు. ఫియొరిల్లో, టోబ్లర్, షుల్ట్జ్ 2003లో కోతులకి దీపం తర్వాత రెండు సెకన్లకి రసం వచ్చే అవకాశాన్ని సున్నా నుంచి నూరు శాతం దాకా మార్చి చూశారు. తప్పకుండా వస్తుందన్నప్పుడూ, రానే రాదన్నప్పుడూ ఆ రెండు సెకన్లూ కణాలు మామూలుగా ఉన్నాయి. సగానికి సగం అవకాశమున్నప్పుడు ఆ మధ్యకాలమంతా స్పందన మెల్లగా ఎక్కుతూ పోయింది. యూపీఐ యాప్‌లో స్క్రాచ్ కార్డు గీకే వేలికీ, కామెంట్ పడిందేమోనని మూడు నిమిషాలకోసారి ఫోన్ తిప్పి చూసే కంటికీ ఇదే ఇంధనం. స్క్రాచ్ కార్డులో ‘బెటర్ లక్ నెక్స్ట్ టైమ్’ వ్యాపారికి నష్టం కాదు, పెట్టుబడి.

కొత్త పని నేర్పేటప్పుడు ప్రతిసారీ ఇవ్వాలి, కుదిరాక అప్పుడప్పుడు ఇవ్వాలన్న పాత సూత్రం కూడా ఇక్కడిదే. కుక్క పదికి ఎనిమిది కూర్చున్నాక, ప్రతిసారీ కాకుండా సగటున మూడింటికి ఒకసారి ముక్క ఇవ్వండి, లెక్క దానికి దొరక్కుండా. అలా నేర్చిన పని ముక్కలు ఆగాక కూడా చాలాకాలం నిలుస్తుంది. పిల్లాడు మారాం చేసినప్పుడు నాలుగుసార్లు కాదని ఐదోసారి ఇచ్చేసే ఇళ్లలో మారాం నిలవడానికీ కారణం ఇదే.

అలవాటుగా గట్టిపడటం మరో దశ. క్రిస్టఫర్ ఆడమ్స్ 1982లో ఎలుకలకి మీట నొక్కితే చక్కెర గుళిక ఇచ్చాడు. కొన్నిటికి 100 సార్లు, కొన్నిటికి 500 సార్లు. తర్వాత ఆ గుళికలంటే కడుపులో తిప్పేలా చేశాడు. వంద సార్ల ఎలుకలు మీట వదిలేశాయి, ఐదొందల ఎలుకలు నొక్కుతూనే ఉన్నాయి. ప్రతిఫలం విలువ పోయినా చెయ్యి ఆగలేదు. ఈ దశలో పని స్ట్రయేటమ్ లోపలి భాగం నుంచి వెలుపలి భాగానికి మారుతుంది. అక్కడికి చేరిన అలవాటుకి ‘దీనివల్ల నీకేం లాభం’ అని ఉపన్యాసమిస్తే వినేవాళ్లుండరు. గుర్తుని కదపాలి: యాప్ మొదటి తెర మీంచి తీసెయ్యడం, నోటిఫికేషన్ ఆపడం, రాత్రి ఛార్జర్ పడకగదిలో కాకుండా హాల్లో పెట్టడం. ఫోన్, ఆన్‌లైన్ ఆటలు చెయ్యి దాటిపోయాయనుకునే ఇళ్లకి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో షట్ క్లినిక్ ఉంది, 2014 నుంచి ఈ పని మీదే ఉంది.

మానిపించేటప్పుడు రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. ప్రతిఫలం ఆగగానే ఆ పని తగ్గడానికి ముందు కాసేపు విపరీతంగా పెరుగుతుంది. మొరిగి తిండి రాబట్టే కుక్క మొదటి మూడు రోజులు ఇంకా గట్టిగా మొరుగుతుంది. ఆ మూడో రోజు విసుగొచ్చి ఒక్క ముక్క విసిరారంటే, గట్టిగా మొరిగితే పని జరుగుతుందని నేర్పినట్టే. రెండోది, ఇలా మానిపించినప్పుడు పాత పాఠం చెరిగిపోదు. దాని మీద కొత్త పాఠం పడుతుంది, ఆ కొత్తది నేర్చిన చోటుకి అతుక్కుని ఉంటుంది. మార్క్ బూటన్ దీన్ని దశాబ్దాల పాటు ఎలుకల్లో చూపించాడు: ఒక పెట్టెలో నేర్పి, ఇంకో పెట్టెలో మాన్పించి, మొదటి పెట్టెలోకి తెస్తే పాత ప్రవర్తన తిరిగొస్తుంది.

సంక్రాంతికి ఊరెళ్లి వారంరోజులు సిగరెట్ ముట్టనివాడు మడివాళలో బస్సు దిగి ఆఫీసు పక్క కాండిమెంట్స్ కొట్టు ముందుకి రాగానే చెయ్యి జేబులోకి పోవడం ఈ పెట్టె మార్పే. మనోబలం తగ్గిందని తిట్టుకోనక్కర్లేదు. మానడం ఊళ్లో కాదు, ఆ కొట్టు దగ్గరే సాధన చెయ్యాలి. మొదటి రెండు వారాలు దారి మార్చుకోండి. తర్వాత సిగరెట్ తాగని స్నేహితుణ్ని వెంటబెట్టుకుని అదే వేళకి అక్కడికే వెళ్లి, అదే కప్పులో టీ తాగి, సిగరెట్ లేకుండా తిరిగి రండి. వేరే రోజు వేరే వేళకి. తర్వాత ఒంటరిగా. తర్వాత మీటింగ్‌లో చీవాట్లు తిన్న రోజున. మెదడుకి ఇవన్నీ వేరువేరు పెట్టెలు, ఒక్కోదాంట్లో విడిగా నేర్పాలి.